కాటా స్లిప్పు

తాడిపత్రిలో, కడప రోడ్డు మీద,
మా కాటాకు పది కిలోలు ఒక మెట్టు.
అంతకు తక్కువైతే దానికి కనపడదు.
స్లాబు జారి ఇద్రూసుకు రెండు వేళ్లు పోయిన వారం
బండి ఖాళీ బరువు ఎప్పటిదే వచ్చింది.
కొక్కెం తెగి రబ్బరు తాడు ఎగిరి కొట్టి
లాలెప్పకు కన్ను పోయినప్పుడూ అంతే.

పదకొండేండ్లుగా నా పని ఇది:
అంకె చూడటం, మీట నొక్కడం, చీటీ చింపి
కిటికీ కంతలో నుంచి చెయ్యి బయటపెట్టడం.
చీటీ అడుగున ఒక వరస ఉంటుంది,
డ్రైవరు: ఉన్నాడు / లేడు.
రెండిట్లో ఒకటి కొట్టెయ్యాల.

కుళ్లాయప్ప హారను కొట్టడు.
తలుపు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు.
"భ్రమరక్కా, నన్నూ కలిపే తూచు,
సేటు నన్ను ఊరికే మోస్తాండాడు."

ఆ పొద్దు బలపంరాయి పొడి లోడు.
మొగానికి పూసుకునే పౌడరయ్యేది అదే.
మెత్తన. నూనె కంటే జారుడు.
ఐదు వందల మూటలు, మిల్లు దుమ్ము దులపకుండానే ఎక్కించినవి.
తూర్పున మబ్బు పట్టింది.
తడిస్తే సరుకు డబ్బులు డ్రైవరు బత్తెంలోనే కోస్తారు.
క్లీనరును సేటు రెండేండ్ల కిందటే మాన్పించినాడు.
బండిని పది అడుగులు ముందుకు తీసి
పట్టా భుజానేసుకొని
ఒక్కడే ఎక్కినాడు.
మూడు చోట్ల ముడేసిన తాడు అది.
కొత్తది అడిగితే "ఈ ట్రిప్పు కానీ" అనిరంట.
ఎన్నో ట్రిప్పో అది.

నేను అరుపు వినలేదు.
దబ్బుమని చప్పుడు.
మూట పడిందనుకున్నా.
తల ఎత్తలేదు.
అంకెలు రాసుకుంటా ఉన్న్యా.

ఏ పట్టా కప్పబోయినాడో ఆ పట్టాలోనే వేసి
నలుగురు నాలుగు మూలలు పట్టి ఎత్తినారు.
రెప్పల మీద కూడా తెల్లని పొడి.
"తాడు, తాడు" అంటాండాడు.
తాడు ఇంకా చేతిలోనే ఉంది, మూరెడు ముక్క.

తెల్లారి ఇంకొక డ్రైవరు వచ్చినాడు. మీసాలింకా రాని పిల్లోడు.
టైము దాటింది, మళ్లీ తూచమన్నారు.
ముప్పై ఆరు వేల రెండు వందల నలభై.
రాత్రి అంకే.
ఒక మెట్టు తగ్గలేదు, ఒక మెట్టు పెరగలేదు.
డ్రైవరు: ఉన్నాడు.

ఇన్సూరెన్సాయన వచ్చి నా కిటికీ ముందర కుర్చీ వేసుకున్నాడు.
"బండి కదుల్తా ఉండెనా?"
"లేదు సార్, నిలబడి ఉండె."
"చక్రం తిరగకుంటే యాక్సిడెంటు ఎట్లయితాదమ్మా?"
టీ తాగి, గ్లాసు కాటా మీదనే పెట్టి పోయినాడు.
గ్లాసు కూడా లెక్కకు రాలేదు.

ఎనిమిది నెలలకు కుళ్లాయప్ప వచ్చినాడు,
చంకలో కట్టె, తుంటిలో ఇనుము.
అంత పెద్ద పలక మీద మధ్యలో పోయి నిలబడినాడు,
లారీ నిలబడే చోట.
"తూచక్కా."
అరవై.
"కట్టె ఖాళీ బరువు తీసి రాయి" అని నవ్వినాడు.
చీటీ కొట్టినా. ఆ వరస దగ్గర చెయ్యి ఆగింది.
ఏదీ కొట్టెయ్యకుండానే ఇచ్చినా.
చదువుకొని, నాలుగు మడతలు పెట్టి
బీడీకట్ట పక్కన దాచుకున్నాడు.

ఇప్పుడు స్లిప్పు ఇచ్చే ముందర
తాడు చూపించమంటాను.
నాకు ఆ అధికారం లేదు.
కొందరు నవ్వుతారు, కొందరు నోటికొచ్చింది తిడతారు,
కాటా ఓనరు రెండు సార్లు ఫోను చేసినాడు.
మొన్న ముడులున్న తాడొకటి పట్టుకొని
నేనూ ఆ పిల్లోడూ చెరొక కొస గుంజినాం.
తెగలేదు.
"చూస్తివా?" అన్నాడు.
ఇంకోసారి గుంజు అన్నా.